యువజనుల కోరికలు – మన కొబ్బరి బేరము

కోనసీమలో కొబ్బరికాయ ధర యెంత యని అడిగినచో ప్రతివారును వేయి కాయల లెక్కనే చెప్పుదురు. దింపు ముగిసిన పిదప కాయలు తోటలో రాశిగా పోయబడును. వర్తకుడు వచ్చి, రాశిని చూచి, వేయింటికి ఇంత యని పలుకును. చిన్న కాయలను ప్రక్కకు త్రోయించును. కొసరు కాయలు పుచ్చుకొనును. అంబాజీపేట మార్కెట్టులో నీటికాయ కొక ధర, ముక్కుడు కాయ కొక ధర, కురిడీ కొక ధర నడచుచుండును. ఈ ధరలలో దేనియందును, ఆ కాయను తుదకు త్రాగువారెవరు, తినువారెవరు, వారేమి తలచి దానిని కొనుచున్నారు అను ప్రశ్నకు తావు లేదు. కాయ లారీ యెక్కి వంతెన దాటినతోడనే దానితో మనకు సంబంధము తీఱిపోవుచున్నది.

అదే కాయ లేత బొండాముగా హైదరాబాదు చేరి, అక్కడి కార్యాలయములో పనిచేయు ఇరువదియైదేండ్ల యువతి చేతికి వచ్చినదనుకొందము. ఆమె వేయింటి లెక్కన కొనదు, ఒక్కదానిని కొనును. ఏల కొంటివని అడిగినచో, దప్పిక యైనదని చెప్పి ఊరకుండదు. సీసాలోని రంగునీళ్ల కంటె ఇది ఒంటికి మంచిదనియు, ఇందులో ఎవ్వరును ఏమియు కలుపలేదనియు, ఇది చెట్టునుండి నేరుగా వచ్చినదనియు చెప్పును. ఆమె నీటికి కొంత, ఆ నమ్మకమునకు కొంత వెల యిచ్చుచున్నది. నీటి వెలలో మనకు కొంత పాలు వచ్చుచున్నది. నమ్మకము వెలలో మనకు పాలు లేదు. ఈ రెండవ పాలు మన సభ్యులకు దక్కు ఉపాయ మేదైన గలదా యను విషయమునే ఈ నెల మా సభ్య సోదరీ సోదరుల యెదుట ఉంచుచున్నాము.

కోరికయు, విలువయు

"కుఱ్ఱవాండ్ర సరదాలతో మనకేమి పని? మంచి సరకు పండించుటయే మన ధర్మము" అని పెద్దలు కొందఱు అందురు. మంచి సరకు పండించుట మొదటి ధర్మమే. కాని 2011లో ఈ కోనసీమలోనే రైతులు వేలకొలది ఎకరములలో ఖరీఫు వరి వేయక పంట విరామము ప్రకటించిరి. వారికి పండించుట చేతకాక కాదు. పెట్టుబడి పెరిగి, మురుగు దిగక, పండిన దానికి గిట్టుబాటు లేక ఆ పని చేసిరి. పండించుట యెఱిగి అమ్ముట యెఱుగని రైతు సగము సేద్యమే నేర్చినవాడని ఆ సంవత్సరము మనకు తెలిసివచ్చినది.

యువజనులు కొనుటలో రెండు విషయములు కలిసియుండును. మొదటిది కోరిక. రుచి, సౌకర్యము, క్రొత్తదనము, స్నేహితుల నడుమ నలుగురు మెచ్చుకొనుట యివి కోరికలు. రెండవది విలువ. ఆరోగ్యము, కల్తీలేమి, భూమికి హాని చేయకుండుట, పండించినవానికి న్యాయమైన పాలు ముట్టుట, తన ఊరి పేరు చెప్పుకొని గర్వపడుట యివి విలువలు. కోరిక మనుష్యుని ఒకమాఱు అంగడికి తెచ్చును. అతడు రెండవమాఱు వచ్చుట తాను నమ్మిన విలువ ఆ సరకులో నిజముగా నున్నదా లేదా యను దానిపై ఆధారపడును. పూర్వము మోసపోయినవాడు ఊరిలో పదిమందికి చెప్పెడివాడు. నేటి యువకుడు చేతిలోని ఫోనులో వ్రాసినచో ఒక్క జాములో వేలమంది చదువుదురు. మెప్పును అట్లే వ్యాపించును.

ఈ మాట సహకారోద్యమమునకు క్రొత్తది కాదు. 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇంగ్లాండులోని రోచ్‌డేల్ పట్టణములో పేద నేతగాండ్రు మొదలగువారు కలిసి ఒక చిన్న అంగడి తెఱచిరి. అందలి సరకు పిండి, వెన్న, పంచదార, ఓటు ధాన్యపు పిండి మొదలగు కొలది వస్తువులే. ఇతర అంగళ్లలో పిండిలోను టీ ఆకులోను కల్తీ కలియుచున్న ఆ దినములలో, వారు కల్తీలేని సరకు, సరియైన తూకము అను రెండు మాటలు ఇచ్చి, వానిని నిలుపుకొనిరి. లాభమును కొనుగోలు ననుసరించి సభ్యులకే పంచిరి. నేడు యువజనులు విలువలని చెప్పుచున్నవి ఆ అంగడి గోడలలోనే యున్నవి. కాబట్టి ఈ బేరమునకు సహకార సంఘముకంటె తగినవారు లేరని మా నమ్మకము.

కొబ్బరినీరు చెప్పు పాఠము

2003 ప్రాంతమున న్యూయార్క్ నగరములో ఇద్దఱు యువకులు బ్రెజిల్ దేశపు స్త్రీలతో మాటలాడుచు, స్వదేశమునందు మీకు అన్నిటికంటె జ్ఞాపకము వచ్చున దేమని అడుగగా, వారు కొబ్బరినీరని చెప్పిరట. ఆ మాటను పట్టుకొని 2004లో ఆ యువకులు వీటా కోకో అను పేరుతో కొబ్బరినీటిని అట్టపెట్టెలలో నింపి అమ్మసాగిరి. వ్యాయామము చేయువారికి, యోగాభ్యాసపరులకు, పంచదార పానీయములు మానదలచిన యువజనులకు దానిని చూపిరి. పేరుపొందిన గాయనీమణులు ఆ సంస్థలో పెట్టుబడి పెట్టుటయు, ప్రకటనలలో కనబడుటయు జరిగెను. కొలది యేండ్లలో కొబ్బరినీరు ఆ దేశపు అంగళ్లలో అంతటను కానవచ్చెను. అంత దూరదేశములో కొబ్బరినీటికి పేరు వచ్చినది. ఆ పేరు మాత్రము కాయ పండించిన రైతులది కాదు. పెట్టెపై ముద్ర వేసినవారిది.

ఈ కథకు రెండవ భాగమును గలదు. 2011లో ఒక పరీక్షాలయము అమెరికాలో అమ్ముడగు కొబ్బరినీళ్లను పరీక్షించి, కొన్నిటియందు పెట్టెపై వ్రాసినంత సోడియము లేదని ప్రకటించెను. అంతట కొనుగోలుదారులు న్యాయస్థానమున కెక్కిరి. 2012లో ఈ వీటా కోకో సంస్థయే రాజీపడి, సొమ్ము చెల్లించుటకును, ప్రకటనలలోని మాటలు సవరించుకొనుటకును ఒప్పుకొనెను. కొబ్బరినీరు చెడ్డదని ఎవ్వరును అనలేదు. ఉన్న మంచికి లేని మంచిని తగిలించుట వలన చిక్కు వచ్చినది.

నిజమునకు బొండాము నీటిలో నూటికి సుమారు 95 పాళ్లు నీరే. నూఱు గ్రాములలో సుమారు 19 కేలరీల శక్తి, సుమారు 250 మిల్లీగ్రాముల పొటాసియము, రెండు మూడు గ్రాముల చక్కెర యుండును. కాయ వయస్సును, రకమును, నేలను బట్టి యివి మాఱుచుండును. "చక్కెర తక్కువ, పొటాసియము ఎక్కువ, చెట్టుపైననే తయారైన పానీయము" అను మూడు నిజములు చాలును. మధుమేహము కుదుర్చుననియు, మూత్రపిండముల రోగమునకు మందనియు వ్రాయుట అసత్యమే కాదు, అపాయకరము కూడ. మూత్రపిండముల వ్యాధి గలవారిలో పలువురు పొటాసియమును మితముగా పుచ్చుకొనవలసినవారు.

కొండమీది దృష్టాంతము

మన రాష్ట్రములోనే విశాఖ కొండలలో అరకు కాఫీ మఱియొక పాఠము చెప్పుచున్నది. అక్కడి గిరిజన రైతులు నీడ చెట్లక్రింద, మిరియపు తీగెల నడుమ కాఫీ పండింతురు. చిన్న చిన్న కమతములు. ఒక్కొక్కరి పంట ఏ పెద్ద వర్తకునికిని లెక్కలోనిది కాదు. అటువంటివారు వేలమంది పరస్పర సహాయ సహకార సంఘముగా నేర్పడి, నాంది ఫౌండేషను తోడ్పాటుతో, పండిన పండ్లను మాత్రమే కోయుట, ఒకేచోట శుద్ధిచేయుట నేర్చుకొనిరి. 2017లో ప్యారిస్ నగరములో అరకు పేరుతోనే అంగడి వెలసెను. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. గిరిజన సహకార సంస్థయు తన ముద్రతో అరకు కాఫీని అమ్ముచున్నది.

నగరములలో ఈ కాఫీని కొను యువజనులలో పలువురు ఏ కొండ, ఏ రైతు, ఏ విధమైన సేద్యము అని అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు జవాబుండుటయే అక్కడి సరకు బలము. అయితే ఆ జవాబు ప్రకటన వ్రాయువాని గదిలో పుట్టలేదు. పచ్చి పండును కోయక చెట్టుననే విడిచిన రైతు చేతిలో పుట్టినది. ముందు పని మారినది. తరువాత మాట వచ్చినది.

మన వాకిటి దృష్టాంతము

అంత దూరము పోనేల? కొత్తపేట ప్రాంతపు ఆత్రేయపురమునే చూడుడు. బియ్యము నానబెట్టి రుబ్బి, పలుచని పాలవలె చేసి, బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, గుడ్డను ఆ పిండిలో ముంచి కుండపై ఒక్కమాఱు ఆర్చి లాగినచో రేకు లేచును. ఈ పని ఎక్కువగా స్త్రీల చేతులలోనే యున్నది. మంట హెచ్చినను తగ్గినను రేకు చెడును. దీనికి యంత్రమేమో గాని చేయి మాత్రము కావలయును. వెనుక నెయ్యి, పంచదార చల్లి మడచెడివారు. నేడు బెల్లముతో, జీడిపప్పు బాదముపప్పులతో, యువజనులు కోరిన ఇతర రుచులతో మడచుచున్నారు. పొట్లము అట్టపెట్టె యైనది. హైదరాబాదు, బెంగుళూరులకే కాక సముద్రము దాటియు పోవుచున్నది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది.

దీనియందు మనము గమనింపదగిన సూక్ష్మ మొకటి గలదు. బెల్లము కోరిన యువకునికి బెల్లమిచ్చిరి. పెట్టె కోరినవానికి పెట్టె యిచ్చిరి. కుండను, గుడ్డను, రేకును మాత్రము మార్చలేదు. కోరికలకు లోపలి తీపిని మార్చిరి. విలువకు రేకును నిలిపిరి. ఆ రేకును మార్చియున్నచో ఆత్రేయపురము పేరుతో పనియే లేకపోయెడిది.

భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. గుర్తింపు పొందిన ఊరి పేరును ఇతర స్థలములవారు తమ సరకుపై వ్రాసికొనుట దీనివలన నేరమగును. అయితే చట్టము పేరును కాపాడునే కాని నాణ్యమును తయారుచేయదు. ఊరిలో ఒక్కరు నెయ్యికి బదులు మఱియేదో చేర్చి అమ్మినను, నింద ఊరి కంతటికి వచ్చును. ఉమ్మడి పేరు ఉమ్మడి చెఱువు వంటిది. అందఱును త్రాగుదురు, ఒక్కడు చెఱపగలడు.

మన సంఘము చేయదగిన పని

ఇక మన తోటలకు వత్తము. సంఘము ఒక్కమాఱుగా ఫ్యాక్టరీ పెట్టవలెనని మేము చెప్పుట లేదు. నిలువ ధనమును ప్రకటనలకు కర్చు చేయుటయు మాకు సమ్మతము కాదు. ఒక్క సరకుతో, కొలది కాయలతో, లెక్క వ్రాసికొనుచు ప్రయోగము చేయుట మంచిది. దానికి బొండామే తగినదని తోచుచున్నది.

మొదట సరకు. బొండాము సుమారు ఏడు నెలల వయస్సున తియ్యగా నుండును. అప్పుడే నీరును ఎక్కువ. మన గంగాబొండామును, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమునుండి వచ్చిన గౌతమి గంగయు బొండామునకు పేరుపడిన రకములు. లేతకాయను ఎండుకాయవలె పైనుండి విడువరాదు. గెలను త్రాటితో దింపవలయును. లేనిచో లోపల పగిలి, పైకి కనబడక, కొన్నవాని చేతిలో పులియును. ఒకే వయస్సు, ఒకే పరిమాణము గల కాయలు ఒక బుట్టలో ఉండవలెను. అడుగున చిన్నకాయలు పెట్టి పైన పెద్దవి పేర్చు అలవాటు మనలో ఉన్నదని ఒప్పుకొని దానిని విడువవలయును.

రెండవది నిలువ. పై డొక్కను కొంత చెక్కి, నూటికి అరపాలు పొటాసియం మెటాబైసల్ఫైటు, అరపాలు సిట్రిక్ ఆమ్లము కలిపిన నీటిలో మూడు నిమిషములు ముంచి, 5 మొదలు 7 డిగ్రీల చల్లదనములో ఉంచినచో కాయ సుమారు 24 దినములు నిలుచును. ఈ పద్ధతిని కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయము కనిపెట్టగా కొబ్బరి అభివృద్ధి మండలి ప్రచారము చేసినది. ఇది మంచి ఉపాయము. కాని ఇట్లు ముంచిన కాయపై "ఏమియు కలుపనిది, ముట్టనిది" అని వ్రాయుటకు మనకు హక్కు లేదు. ముంచినచో ముంచితిమని వ్రాయవలెను. దగ్గఱి పట్టణములకు ముంచనవసరము లేని తాజా కాయను, దూరమునకు ముంచిన కాయను వేఱువేఱు చీట్లతో పంపుట న్యాయము.

మూడవది చీటి. ఆహార భద్రతా ప్రమాణాల చట్టము 2006లో వచ్చినది. సహజము, తాజా, స్వచ్ఛము, సంప్రదాయము వంటి మాటలను ఎప్పుడు వ్రాయవచ్చునో, ఎప్పుడు కూడదో 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. సేంద్రియమని వ్రాయుటకు ధ్రువపత్రము కావలెను. ఎరువు వేయలేదని నోటిమాటగా చెప్పిన చాలదు. కాబట్టి చీటిపై ఊరు, సంఘము పేరు, దింపిన తేదీ, రకము, ముంచినదా కాదా యను నైదు మాటలుండిన చాలునని మా యభిప్రాయము; చట్టము కోరు తక్కిన వివరములు వీనికి తోడుగా నుండును. దింపిన తేదీ వ్రాయుట కొందఱికి భయముగా తోచును. తేదీ వ్రాయగల ధైర్యమే మన ప్రకటన.

నాల్గవది భూమి. యువజనులలో పలువురకు చెత్త విషయమున పట్టుదల గలదు. ప్లాస్టిక్కు గొట్టములు 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషేధింపబడినవి. బొండాము తన పాత్రను తానే తెచ్చుకొనును. త్రాగిన పిదప డొక్క ఏమగునో కూడ మనమే చెప్పగలిగినచో బాగుండును. డొక్కలను గట్టుపై కాల్చి పొగపెట్టుచు, చీటిపై ప్రకృతిని గూర్చి వ్రాసినచో, తోట చూడవచ్చిన యువకుడు నవ్వి పోవును. పీచునకును, పొట్టును కుళ్లబెట్టి ఎరువు చేయుటకును ఏర్పాటు ముందుగా జరుగవలెను.

ఐదవది పాలు. "రైతునకు న్యాయమైన వెల" అని చీటిపై వ్రాయుట సులభము. సంఘము ఈ ప్రయోగమునకు వేఱు ఖాతా పెట్టి, దింపుకూలి, బండికూలి, చీటి, చెడిన కాయలు పోగా మిగిలినదానిని, ఎవరు ఎన్ని మంచి కాయలిచ్చిరో ఆ ప్రకారము పంచి, ఆ లెక్కను సంఘము గోడపై అంటింపవలెను. కొన్నవారు అడిగినచో అదే లెక్క చూపవలెను. కౌలుదారునకును, దింపు పనివానికిని ముట్టినదేమో అందులో కానరావలయును. చెట్టెక్కువాని ప్రాణము పణముగా నున్న పనికి కూలి చాలనప్పుడు న్యాయమను మాట మన నోట రాకూడదు.

లాభముతోపాటు నష్టమును చెప్పుట మా విధి. లేతగా దింపిన కాయ కురిడీ కాదు, కొబ్బరి కాదు. ఆ రాబడి పోవును. బొండాములకు దింపులు తఱచుగా పడును, చెడుటయు ఎక్కువ. కాబట్టి ఒక చెట్టుమీద ఒక యేడు బొండాముగా వచ్చునది, ఎండుకాయగా వచ్చునది ప్రక్క ప్రక్కన వ్రాసి చూడక ఎవ్వరును తోటయంతయు దీనికి మార్చరాదు.

మన పిల్లలనే అడుగుదము

నగర యువజనుల మనస్సు తెలిసికొనుటకు మనము ఎవరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు. వారిలో పలువురు మన పిల్లలే. అమలాపురము, రాజోలు, కొత్తపేటల నుండి చదువులకును ఉద్యోగములకును వెళ్లినవారు ఇంటింట నున్నారు. పండుగకు వచ్చినప్పుడు వారిని తోటలోనికి తీసికొనిపోయి, "నీవు అక్కడ ఏమి కొనుచున్నావు? ఏమి చూచి నమ్ముచున్నావు? ఒకమాఱు కొని మానిన దేది, ఏల మానితివి?" అని అడుగుడు. వారు చెప్పినది వ్రాసికొనుడు. కొన్ని సమాధానములు మనకు రుచింపకపోవచ్చును. కాయ కొట్టుట కష్టమని, చేయి మురికియగునని చెప్పుదురు. అది కోరిక, దానికి ఉపాయము చూడవచ్చును. "మీరు చెప్పునది నిజమని నాకెట్లు తెలియును?" అని అడుగుదురు, అది విలువ, దానికి ఉపాయము పనికిరాదు, జవాబు కావలెను.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ యింటి యువజనులలో ఒక్కరినైనను వెంటబెట్టుకొని రావలసినదిగా కోరుచున్నాము. బొండాముల ప్రయోగమునకు ఎందఱు సభ్యులు చేరుదురు, ఒక్కొక్కరు ఎన్ని చెట్లు కేటాయింతురు, చీటిపై ఏ మాటలు వ్రాయుదుము అను మూడు ప్రశ్నలు ఆనాడు తేల్చుకొందము. చీటిపై వ్రాయదలచిన ప్రతి మాటను ముందుగా ఆ పిల్లలచేత చదివించి, ఇది మన తోటలో నిజమేనా యని వారినే అడుగుదము. వారు తల యూపిన మాటలను మాత్రమే అచ్చు వేయింతము.